బాక్సు బాబాయి జవాబులు: ఏ రీల్లో బాగుంది, నాయనా?

కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ళకి ఒక్క ముక్క. విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసుకి ముప్పై ఏళ్ళ పైచిలుకు రిప్రజెంటేటివ్‌గా తిరిగాను. ప్రింటున్న ఇనప్పెట్టె వెంట ఊరూరా పోవడం, హాల్లో తెగిన టికెట్లు లెక్క చూడడం, ఆ రోజు వసూళ్ళ లెక్కకాగితం (డీసీఆర్) మీద సంతకం పెట్టించి ఆఫీసుకి పంపడం. అదీ ఉద్యోగం. పెట్టెలు పోయి హాళ్ళకి సినిమా శాటిలైటు మీద రావడం మొదలయ్యాక నేనూ ఇంటికొచ్చేశాను. సినిమాలు, సీరియళ్ళు, పోస్టర్లు, ఆఖరికి మా మనవడి వీడియో గేములు, దేని గురించి అడిగినా తెలిసినంత చెబుతాను. ఈ నెల ఉత్తరాల్లో మొదటిది నాకు పడ్డ చీవాట్లు.

ప్రశ్న: పోయిన నెల "ఫిల్ము నిమిషానికి 100 అడుగులు నడుస్తుంది" అని రాశారు. ఇరవై ఆరేళ్ళు ప్రొజెక్టరు క్యాబిన్‌లో చెమటలు కక్కినవాణ్ణి. ఆ అంకె ఎక్కణ్ణించి పట్టుకొచ్చారండీ?
– రిటైరైన ఆపరేటర్, తెనాలి

జవాబు: అన్నగారూ, తప్పే. సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1,440. అడుగుకి 16 ఫ్రేములు. భాగిస్తే 90 అడుగులు. నోటిలెక్కకి సుఖంగా ఉంటుందని వంద చేసేశాను. నా లెక్క ప్రకారం 14,000 అడుగుల సినిమా 2 గంటల 20 నిమిషాలకి అయిపోతుంది. మీ లెక్కలో 2 గంటల 35. అంటే నేను క్లైమాక్సు మొత్తం ఎగ్గొట్టి జనాన్ని ఇంటికి పంపించేశానన్నమాట. పూర్వం ఆట మొదట్లో సెన్సారు సర్టిఫికెట్టు పడగానే నేల క్లాసులో ఎవడో ఒకడు "పద్దెనిమిది రీళ్ళురోయ్!" అని అరిచేవాడు గుర్తుందా? ఆ కుర్రాడికి ఉన్న శ్రద్ధ నాకు లేకపోయింది. మన్నించండి.

ప్రశ్న: బాబాయ్ గారూ, బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. శుక్రవారం మార్నింగ్ షో చూసి మధ్యాహ్నానికల్లా రివ్యూ రాసేస్తాను. కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్‌లు, మైనస్‌లు, చివర రేటింగు. స్నేహితులు "అందరూ రాసేదే రాశావు" అంటున్నారు. ఒకటి జత చేశాను. నేనెలా మారాలి?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నాయనా, నువ్వు పంపింది రెండుసార్లు చదివాను. అందులో హీరో పేరు కొట్టేసి ఇంకో హీరో పేరు రాస్తే ఇంకో సినిమాకి అతికినట్టు సరిపోతుంది. నీ స్నేహితులు చెప్పలేకపోయిన మాట అదే.

"సెకండాఫ్‌లో ఎడిటింగ్ ఇంకాస్త క్రిస్ప్‌గా ఉండాల్సింది" అన్నావు. ఏ రీల్లో? సరే, నీకు రీళ్ళు తెలియవు. ఏ సీన్లో? పెళ్ళిచూపుల దగ్గరా, గోడౌన్ ఫైటు దగ్గరా? "నేపథ్య సంగీతం సినిమాను నిలబెట్టింది" అన్నావు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? సంగీతం ఉన్నచోటు అందరికీ వినబడుతుంది, ఆగిన చోటు ఎవరూ పట్టించుకోరు. తండ్రి చనిపోయాడని ఫోనొచ్చిన సీన్లో వయొలిన్లు లేకుండా ఫ్యాను చప్పుడు మాత్రమే ఉంచారనుకో, ఆ ఫ్యాను గురించి రాసినవాడే రివ్యూ రాసినట్టు.

చివర 2.75 వేశావు. ఆ ముప్పావు దేనికి? కాళేశ్వరరావు మార్కెట్లో బెండకాయలకైతే పావుకిలో రాయి ఉంటుంది. నీ దగ్గర ఏ రాయి ఉంది?

నాకు సినిమా గురించి మాట్లాడడం నేర్పింది ఒక గూడ్సు బండి. చెబుతాను విను. మా రోజుల్లో ప్రింటు ఖరీదైన సరుకు. చిన్న ఊళ్ళలో ఒక్క ప్రింటుతో రెండు హాళ్ళు నడిపేవాళ్ళు. మొదటి హాల్లో ముందుగా ఆట మొదలుపెట్టి, తిరిగిన రీళ్ళు తిరిగినట్టు సైకిలు మీద రెండో హాలుకి తోలేవాళ్ళు. దాన్ని షిఫ్టింగ్ అనేవాళ్ళం. కృష్ణా జిల్లాలో ఒక ఊళ్ళో, ఫస్ట్ షోలో, రీళ్ళు తెచ్చే కుర్రాడు రైలుగేటు అవతల ఇరుక్కుపోయాడు. తెర మీద "దయచేసి వేచి యుండుడు" అని స్లైడు. నేలలో ఈలలు, బెంచీల మీద చరుపులు. గూడ్సు బండి కదలదు. పది నిమిషాలకి ఈలలు వేసేవాళ్ళకి నోరు నొప్పి పుట్టింది. అప్పుడు మాటలు మొదలయ్యాయి.

"ఆ ఉత్తరం తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది గదా, అత్త బియ్యం కొలవదూ?" అని ఆడవాళ్ళ వైపునుంచి ఒకావిడ. "కొలవదు. ఇవాళ ఏకాదశని మొదట్లోనే అన్నారుగా, అన్నం వండరు" అని ఇంకొకావిడ. నాకు మతిపోయింది. ఆ ఏకాదశి మాట నేను విన్నాను, దేవుడి గది సీన్లో ఊరికే అన్నారనుకున్నాను. ఇంతలో ఒక రిక్షా అతను, "తమ్ముడి కాళ్ళకి చెప్పుల్లేవు, చూశారా? ఇంటర్వెల్‌కి ముందు ఉన్నయ్. ఎవరికో ఇచ్చేశాడు. ఆ ముక్క ఆ రీల్లోనే ఉండుంటది" అన్నాడు. అప్పటికి ఆ సినిమా తొమ్మిదిసార్లు చూశాను. టికెట్లు లెక్కపెట్టే ధ్యాసలో ఆ కాళ్ళు ఎప్పుడూ చూడలేదు. గేటు తీశారు, రీలొచ్చింది. చెప్పులు గుడిమెట్ల దగ్గర ముసలాయనకి ఇచ్చేశాడు.

సినిమా పేరు చెప్పను, రెండు వారాలు కూడా ఆడలేదు. కానీ ఆ ఇరవై నిమిషాల్లో నేను విన్నంత మంచి సమీక్ష పత్రికల్లో తక్కువ చదివాను. వాళ్ళెవరూ బాగుందనీ బాగాలేదనీ అనలేదు చూడు. చూసినదాన్ని చూసినట్టు చెప్పారు, దాన్నుంచి ఏమి తెలుస్తుందో చెప్పారు.

ఆ తరవాత నేనొక లాంగు నోటుబుక్కు పెట్టాను. డీసీఆర్ ఆఫీసుకి, నోటుబుక్కు నాకు. "5వ రీలు: పాట, నేలలో ముప్పై మంది బీడీలకి లేచారు." "8వ రీలు: సోడా కుర్రాడు గంపతో సహా నిలబడిపోయాడు." సోడా కుర్రాడు నిలబడ్డాడంటే ఆ సీను గట్టిది. రోజూ నాలుగు ఆటలు చూసేవాణ్ణి ఆపడం మాటలా? అదే రీలు దగ్గర పక్క ఊళ్ళో ఏమైందో కూడా రాసుకునేవాణ్ణి. పోల్చి చూస్తే తమాషాగా ఉండేది. ఒక ఊళ్ళో నవ్విన చోట ఇంకో ఊళ్ళో ముక్కులు చీదేవాళ్ళు.

ఇప్పుడు నీ పని. వచ్చే సినిమా మొత్తం గురించి రాయకు. ఒక్క సీను తీసుకో, మూడు నాలుగు నిమిషాలది. ఒక పేజీ రాయి. అందులో బాగుంది, బోరు, వేరే లెవెల్, మాస్, క్లాస్ అన్న మాటలు పడకూడదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తలుపు తీసుందా మూసుందా, ఎవరి మాట మధ్యలో ఎవరు లేచి వెళ్ళారు, కెమెరా ఎవరి ముఖం మీద ఆగి ఎవరిని వదిలేసింది. కథ మాత్రం రెండు వాక్యాలు దాటనివ్వకు. కథ చెప్పడానికి మీ హాస్టల్లో పక్క మంచం వాడున్నాడు.

ఒక నమూనా ఇస్తాను. 'మాయాబజార్' నీ తాతలకి కూడా పాత సినిమాయే, 1957లో వచ్చింది. "వివాహ భోజనంబు" దగ్గర లడ్డూలు వాటంతట అవే ఎస్వీ రంగారావు నోట్లోకి పోతుంటాయి. నలుపు తెలుపులో చూసినప్పుడు నా కళ్ళు లడ్డూలని వదిలేవి కావు. తెరంతా బూడిద రంగు, అందులో కదిలేది అవే. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే అదే సీనుకి వెళ్ళి కూర్చున్నాను. ఈసారి నా కళ్ళు ఆయన నగల మీదికీ పళ్ళేల మీదికీ పోయి, లడ్డూ నోట్లో పడ్డాక గానీ తిరిగి రాలేదు. రంగు తప్పని నేననడం లేదు. రంగొచ్చాక చూపు ఎటు పోయిందో చెబుతున్నాను. నాతో నువ్వు పోట్లాడొచ్చు. అదే 2.75 అని రాస్తే ఏం పట్టుకుని పోట్లాడతావు?

శుక్రవారం మధ్యాహ్నానికే రాయాలన్న తొందర కూడా మానుకో. ఆదివారం రాత్రి రాస్తే ఏమీ మునిగిపోదు. మూడు రోజుల తరవాత కూడా బుర్రలో మిగిలిన సీనేదో, దాని గురించి రాయి. రాశాక నాకు పంపు. ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకునే ఉన్నాను.

ప్రశ్న: సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా సీరియళ్ళు చూస్తాను. మా అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, వచ్చినప్పుడల్లా "ఇవెలా చూస్తావమ్మా, ఒక్కో ముఖాన్ని మూడేసి సార్లు చూపిస్తారు" అని ఎగతాళి. నాకూ నాలుగు ముక్కలు రాయాలని ఉంటుంది. సీరియల్ గురించి రాసినా ఎవరైనా చదువుతారా?
– గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీవాడు ఒక సంగతి గమనించలేదు. వాడు సీరియల్ని సోఫాలో కూర్చుని చూస్తాడు. మీరు నిలబడి వింటారు. అవునా కాదా? కుక్కరు మూడో విజిలుకీ, పాలు పొంగడానికీ మధ్య మీకు దొరికేది చెవులే.

సీరియల్ తీసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే మనసులో మాటలు కూడా గట్టిగా వినిపిస్తారు. కోడలు గుమ్మంలోకి రాగానే ఢామ్మని ఒక మోత. అది విని మీరు గరిటె పట్టుకునే హాల్లోకి తొంగిచూస్తారు. వచ్చేసరికి ఎవరి ముఖం ఎలా ఉందో తప్పిపోకుండా అత్తది, ఆడపడుచుది, మావగారిది వరసగా, మళ్ళీ మళ్ళీ. మీవాడు ఎగతాళి చేసే ఆ మూడుసార్లూ వంటగదినుంచి హాలుకి పట్టే నడక. నేను తమాషాకి మా ఇంట్లో లెక్కపెట్టాను. మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి టీవీ దాకా ఏడడుగులు. ఏడో అడుగుకి మావగారి ముఖం పడింది.

రోజుకో భాగం నింపాల్సిన అవసరం కూడా ఉందనుకోండి. అరగంటలో ప్రకటనలు పోగా మిగిలినదాన్నే సాగదియ్యాలి. రేటింగులు వారం వారం, గురువారం వస్తాయి. అవి చూసి కథ మలుపులు మార్చుకుంటారు. నవలలో చంపేసిన పాత్ర చచ్చినట్టే. సీరియల్లో చచ్చినవాడు బతికాడంటే ఏదో గురువారం అంకె పడిపోయిందని నా అనుమానం. మా ఆఫీసులో కలెక్షన్ తగ్గితే పోస్టరు మార్చేవాళ్ళం, వీళ్ళు తలరాతలే మారుస్తారు.

టీవీ అంటే మాకు మొదట్లో గుండెదడ. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చే వేళకి ఏలూరు రోడ్డు మీద కాకి కూడా ఉండేది కాదు. శుక్రవారం దూరదర్శన్‌లో సినిమా పాటల చిత్రలహరి పూట ఫస్ట్ షో పల్చబడిందని మా ప్రొప్రైటరు గారు టీవీ యాంటెన్నాలకేసి చూసి పళ్ళు నూరేవారు. అలాంటివాణ్ణి నేనే సీరియల్ గురించి రాయమంటున్నాను చూడండి.

ఏం రాయాలంటారా? ఒక వారం ఒకే సీరియల్ పట్టుకోండి. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడూ వంట చెయ్యరో రాయండి. పట్టుచీర కట్టుకుని నిద్రపోయేవాళ్ళ లెక్క రాయండి. ఎవరైనా కరెంటు బిల్లు గురించి మాట్లాడారా? మీకు నిజంగా కళ్ళు చెమర్చిన చోటుంటే సిగ్గుపడకుండా అదీ రాయండి, ముందా సీన్లో మోత ఉందో లేదో చూసి. చదువుతారా అన్నారు. నేను చదువుతాను. మీవాడు ముందు చదువుతాడు, చదవలేదని చెబుతాడు.

ప్రశ్న: క్విజ్ పోటీకి తయారవుతున్నాం. విజయవాడలో మొదటి సినిమా హాలు ఏది?
– హైస్కూలు విద్యార్థినులు, పటమట

జవాబు: మారుతి. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు కట్టించారు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది కాబట్టి, మారుతిలో ముందు ఆడినవన్నీ మూగ సినిమాలే. మూకీల కాలంలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెబుతుండేవాడు, కింద హార్మోనియం, తబలా. కథ చెబుతూ చెబుతూ విలన్ని తనే నాలుగు తిట్టేవాడట. రివ్యూలు రాయడం ఎప్పుడు మొదలైందని మిమ్మల్ని అడిగితే, ఆ మనిషిని తలుచుకోండి. క్విజ్‌లో మాత్రం ఆ జవాబు చెప్పకండి, మార్కు పోతుంది.

ప్రశ్న: మావాడు ఇంటర్. ఆటలాడితే సరే అనుకుంటే, ఇప్పుడు ఆటల గురించి వ్యాసాలు రాస్తానంటున్నాడు. పుస్తకాల గురించో సినిమాల గురించో రాశాడంటే అర్థం ఉంది. బొమ్మలు దూకే ఆటలో రాయడానికేముంటుంది? మీలాంటి పెద్దలు బుద్ధి చెబితే వింటాడు.
– చీరల వ్యాపారి, మంగళగిరి

జవాబు: అయ్యా, బుద్ధి చెబుదామనే మొదలుపెట్టాను. మా మనవడి వల్ల మధ్యలో పార్టీ మారిపోయాను.

మీరు చిన్నప్పుడు పులి–మేక ఆడే ఉంటారు. గుడి అరుగు మీద గీతలు గీసి. పులులు మూడు, మేకలు పదిహేను. పులి దూకి మేకను తినాలి, మేకలు చుట్టూ చేరి పులికి కదలడానికి చోటు లేకుండా కట్టెయ్యాలి. ఇద్దరూ ఒకే పలక మీద ఆడతారు గానీ ఆడేది రెండు వేరువేరు ఆటలు. పులిని ఆడేవాడికి తొందర, మేకల్ని ఆడేవాడికి ఓపిక. దీన్ని తయారుచేసిన వాడెవడో గానీ బలం ఉన్నవాడు ఎలా ఓడిపోతాడో మాట మాట్లాడకుండా గీతల్లో చెప్పాడు. దీని గురించి నాలుగు పేజీలు రాయొచ్చా లేదా? రాయొచ్చంటే మీవాడిదీ అదే పని.

దసరా సెలవులకి మా మనవడొచ్చి జపాన్ వాళ్ళ పాత ఆట ఒకటి నా చేతికిచ్చాడు. 'సూపర్ మారియో బ్రదర్స్', 1985 నాటిది. మీసాలాయన ఎడమ పక్కన కుడివైపు తిరిగి నిలబడి ఉంటాడు. కుడివైపంతా ఖాళీ. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు, ఖాళీయే చెబుతుంది. రెండడుగులు వేశానో లేదో ఎదురుగా ఒక చిటపటలాడే పుట్టగొడుగు మనిషి వచ్చి తగిలాడు, చచ్చాను. "ఏమిట్రా, ముందు చెప్పొద్దూ?" అన్నాను. "ఎవరూ చెప్పరు తాతయ్యా. ఒకసారి చస్తే తెలుస్తుంది" అన్నాడు వాడు. రెండోసారి ఎగిరాను. ఎగిరితే పైనున్న డబ్బా తలకి తగిలి నాణెం రాలింది. అంటే తప్పించుకోబోతే లాభం దొరికింది. ఇంకాస్త ముందుకెళ్ళి ఇంకో డబ్బా కొడితే అందులోంచి నిజమైన పుట్టగొడుగొకటి బయటికొచ్చి అవతలికి జారిపోయింది. అయ్యో పోయిందనుకునేలోపు గొట్టానికి కొట్టుకుని తిరిగి నా మీదికే వచ్చింది. భయపడి పక్కకి తప్పుకోబోయాను, తప్పుకోలేక తగిలాను. మీసాలాయన పెద్దవాడయ్యాడు!

ఒక్క అక్షరం చదవకుండా, నిమిషంలో, డెబ్భై దాటిన నాకు ఆ ఆట అన్నీ నేర్పేసింది. శత్రువు ఎవరు, మిత్రుడు ఎవరు, ఎగరడం ఎందుకు. మా సినిమాల్లో హీరో మంచివాడని చెప్పడానికి ఒక పాట, ఒక ఫైటు, ఇద్దరు ముసలమ్మలు కావాలి.

ఇంకో తేడా ఉంది. సినిమాలో హీరో దెబ్బ తింటే తప్పు విలన్ది. ఆటలో దెబ్బ తింటే తప్పు నా బొటనవేలిది. కాబట్టి మీవాణ్ణి "గ్రాఫిక్స్ అదిరాయి" అని రాయొద్దనండి. ఆట తనచేత ఏం చేయించింది, ఎక్కడ తొందరపెట్టింది, ఎక్కడ ఓడిపోయినా మళ్ళీ ఆడబుద్ధేసింది, ఎక్కడ విసుగొచ్చి పక్కన పెట్టాడు, అవి రాయమనండి.

ఒక్కటి మాత్రం మీరు కనిపెట్టి చూడాలి. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడేవి ఆటలు కావు. వాటిని 2025లో కేంద్రం చట్టం చేసి మరీ నిషేధించింది. మా బజార్లో ఒక కుర్రాడు రమ్మీ అని మొదలుపెట్టి వాళ్ళమ్మ గాజులు తాకట్టు దాకా తీసుకెళ్ళాడు. మీవాడి ఫోన్లో అలాంటిదుంటే నాకు ఉత్తరం రాయక్కర్లేదు, మీకే తెలుసు ఏం చెయ్యాలో. లేకపోతే వాడికి ఒక మంచి నోటుబుక్కు కొనివ్వండి.

ప్రశ్న: ఓటీటీలో సినిమాలు ఒకటిన్నర స్పీడులో చూస్తాను. టైము కలిసొస్తుంది. తప్పంటారా?
– బ్యాంకు ఉద్యోగి, గుణదల

జవాబు: మీకంటే ముందే ఈ పని చేసినవాళ్ళున్నారు. పల్లెటూరి టూరింగు టాకీసు ఒకదాంట్లో సెకండ్ షోకి ఒక పాట, ఒక కామెడీ సీను ఎప్పుడూ మాయమయ్యేవి. ఆపరేటరు ఆఖరి బస్సు అందుకోవాలి మరి. ఒకరోజు జనం పట్టుకుని, "పాటెయ్యకపోతే కుర్చీలు లేస్తయ్" అన్నారు. వాడు భయపడి సినిమా అయిపోయాక, శుభం కార్డు పడ్డాక, ఆ పాట విడిగా వేశాడు. చనిపోయిన చెల్లెలు లేచొచ్చి ఉయ్యాల ఊగింది. జనం అది కూడా చూసి వెళ్ళారు.

వార్తలు, వంటల వీడియోలు మీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకోండి. నటుడు మాటకీ మాటకీ మధ్య ఆగాడంటే ఆ ఆగడానికి కూడా డబ్బు తీసుకున్నాడు. మీరు చందా కట్టి దాన్ని తినకుండా వదిలేస్తున్నారు. బ్యాంకువారు, మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: గవర్నర్‌పేటలో ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పుట్టినరోజులు, ఓపెనింగులు, సినిమా బ్యానర్లు అన్నీ చేస్తాను. వచ్చినవాళ్ళంతా "ఫోటో పెద్దది చెయ్, అక్షరాలు కూడా పెద్దవి చెయ్" అంటారు. నా తెలుగు అక్షరాలు ఎందుకో కుక్కినట్టుంటాయి. ఎవర్ని చూసి నేర్చుకోవాలి?
– డిజైనర్, విజయవాడ

జవాబు: తమ్ముడూ, కుక్కినట్టుండడం నీ తప్పు సగమే. తెలుగు అక్షరానికి మేడా ఉంది, నేలమాళిగా ఉంది. పైన తలకట్టు, గుడి. కింద ఒత్తు. 'స్త్రీ' అని రాసి చూడు. స, దాని కింద త ఒత్తు, ర ఒత్తు, నెత్తిన గుడిదీర్ఘం. ఒక్క అక్షరమే నాలుగు వాటాల ఇల్లు. ఇంగ్లీషుకి సరిపోయిన వరసల ఎడం దీనికి పెడితే పై వరస ఒత్తులు కింద వరస గుళ్ళమీద కూర్చుంటాయి. ముందు వరసల మధ్య చోటు పెంచు. అక్షరం సైజు పావువంతు తగ్గించినా పెద్దదిగా కనబడుతుంది, చూడు. కస్టమరుకి చెప్పకు. తగ్గించానంటే ఒప్పుకోడు.

ఎవర్ని చూసి నేర్చుకోవాలంటే, ముందు బాపు గారిని. ఆయన చేతిరాత ఫాంటుగా చేసి పెళ్ళి శుభలేఖ నుంచి పచ్చడి సీసా దాకా వాడేశారు కాబట్టి మనకి చులకనైంది. ఆయన స్వయంగా రాసిన టైటిల్ ఒకటి, ఆ ఫాంటుతో కొట్టింది ఒకటి పక్కపక్కన పెట్టి చూడు. చేత్తో రాసినదాంట్లో ఒకే 'మ' రెండుసార్లొస్తే రెండూ ఒకేలా ఉండవు. పక్కన ఏ అక్షరముందో చూసుకుని ఒకటి కాస్త జరిగి చోటిస్తుంది. రెండోవారు ఈశ్వర్ గారు. పాలకొల్లు మనిషి, 1967లో బాపు గారి 'సాక్షి'తో పోస్టర్లు మొదలుపెట్టి దశాబ్దాల పాటు తెలుగు గోడలన్నీ ఏలారు. ఆ పాత పోస్టర్లలో టైటిల్ చూస్తే కుటుంబ కథో, దెయ్యం కథో బొమ్మ చూడకుండానే తెలిసేది.

కంప్యూటరు మీదైతే సురన్న, మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, పెద్దన అని ఉచిత ఫాంట్లున్నాయి, గూగుల్లో దొరుకుతాయి. దళసరిగా కావాలంటే రామభద్ర. ఒక బ్యానర్ మీద నాలుగు ఫాంట్లు మాత్రం కలపకు. పెద్దన గారినీ సురన్న గారినీ ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీ మీద కుమ్ములాడించడం ఏం న్యాయం?

మా కాలంలో పోస్టరుకి ఒకటే పరీక్ష. అంటించాక మా ప్రొప్రైటరు గారు రిక్షా ఎక్కి ఆగకుండా దాని ముందునుంచి వెళ్ళేవారు. రిక్షా దాటేలోపు సినిమా పేరు, హాలు పేరు చదవగలిగితే పాసు. నువ్వు బైకు మీద వెళ్ళు, కాకపోతే బెంజి సర్కిల్లో వద్దు. ఇంకో పరీక్షకులు కూడా ఉండేవాళ్ళు, ఆవులు. మైదా జిగురు కోసం తెల్లారేసరికి పోస్టరు కిందిభాగం నాకేసేవి. అందుకే హాలు పేరు, ఆటల వేళలు పైన వెయ్యమని పోరేవాణ్ణి. దర్శకుడి పేరు కింద ఉన్నా ఎవరూ గోల పెట్టలేదు. ఫ్లెక్సీని ఆవులు కూడా ముట్టడం లేదు. నీకా అదృష్టం లేదు.

ప్రశ్న: హాల్లో ఏ సీటు మంచిది బాబాయ్? ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడల్లా మా ఇంట్లో గొడవ.
– కొత్త దంపతులు, భవానీపురం

జవాబు: తెర నుంచి వెనక్కి మూడింట రెండు వంతుల దూరంలో, నడి మధ్య. సౌండు అన్ని వైపులనుంచీ సమంగా అందేది అక్కడ. గొడవ తీరింది గదా.

నా సంగతి వేరు. ముప్పై ఏళ్ళు ఆఖరి వరసలో, తలుపు పక్క సీట్లో కూర్చున్నాను. అక్కణ్ణించి తెరతో పాటు తలకాయలన్నీ కనబడతాయి, ఎవరు లేచారో ఎవరు ముందుకి వంగారో తెలుస్తుంది. మొన్న మా కోడలు మాల్లో సినిమాకి మధ్య సీట్లు బుక్ చేసింది. సౌండు బ్రహ్మాండం, సీటు పడుకోబెట్టేసింది. ఇంటర్వెల్‌కి నేను కాఫీకని లేచి, వచ్చేటప్పుడు వెనక తలుపు దగ్గర ఖాళీ సీటుంటే అందులో కూర్చున్నాను. మా కోడలు చీకట్లో నా కోసం వెతుక్కుని, ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఇంటికొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ సినిమాకి రెండో సగంలో పదకొండు మంది లేచారు. నోటుబుక్కులో రాసుకున్నాను.